మట్టి ఎక్కడుందో చూడండి

మా లాండ్రీలో మనుషుల్ని మురికిని బట్టి అంచనా వేస్తారు. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ నిజం. రోజంతా ఆసుపత్రి దుప్పట్లు, హోటల్ తువ్వాళ్లు ఉతికే చోట ఎవరి బట్ట ఎంత మాసిందన్నదే కొలబద్ద. కాలర్ చూసి ఆ మనిషి ఎంత కష్టపడ్డాడో చెప్పేస్తారు మావాళ్లు. తప్పు చెప్పినా తప్పని చచ్చినా ఒప్పుకోరు.

ఈ జబ్బు మా ఆడవాళ్ల ఫుట్‌బాల్ జట్టుకీ అంటుకుంది. మ్యాచ్ అయిన మర్నాడు, షిఫ్టు మొదలుకాకముందు, మాసిన బట్టలు వేరుచేసే పెద్ద బల్ల మీద అందరి జెర్సీలూ పరుస్తారు. చుట్టూ మూగి తిరగేసి మరగేసి చూస్తారు. అందరికంటే ఎక్కువ మాసిన జెర్సీ ఎవరిదో వాళ్లు బాగా ఆడినట్టు లెక్క. ఫ్లాస్కులోంచి మొదటి కప్పు టీ వాళ్లకి. అందరికంటే శుభ్రంగా ఉన్న జెర్సీ ఎవరిదో వాళ్లు ఒళ్లు దాచుకున్నట్టు లెక్క. ఆ జెర్సీలన్నీ మెషిన్లో వేసి, ఉతికి, ఆరేసి, మడతపెట్టాల్సింది వాళ్లే. ఇది సరదాకి పెట్టుకున్న రూలు. ఉతికే పని తన మీద పడనివాళ్లకి ఏ రూలైనా సరదాగానే ఉంటుంది.

ఆ పని ఎప్పుడూ నా మీదే పడుతుంది. నేను గోల్‌కీపర్ని.

నేను కోరి తీసుకున్న స్థానం కాదది. జట్టు కట్టిన రోజున ఒక మెషిన్ తలుపు ఇరుక్కుపోయి నేను ఆలస్యంగా వెళ్లాను. అప్పటికే పరిగెత్తే చోట్లన్నీ పంచేసుకున్నారు. మిగిలిపోయింది నాకు పడేశారు, పెద్ద గిన్నెలో అడుగంటింది ఆఖరికి వచ్చినవాళ్లకి వడ్డించినట్టు. తీరా అక్కడ నిలబడ్డాక నాకు నచ్చేసింది. మైదానమంతా అక్కణ్నుంచే కనిపిస్తుంది. ఎవరు అలిసిపోయారో, ఎవరు భయపడుతున్నారో, బంతి ఇంకాసేపటికి ఎటు వస్తుందో, అన్నీ కనిపిస్తాయి. "అక్కా, ఎడమకి! నీ వెనక! వదలకు దాన్ని!" అని నేను గొంతు చించుకుని అరుస్తుంటే మా వెనక వరస కదులుతుంది. దాంతో బంతి నా దాకా రానే రాదు. వచ్చినా నేను ముందే సరైన చోట ఉంటాను కాబట్టి చేతుల్లోకి వచ్చి పడుతుంది. నా పని నేను ఎంత బాగా చేస్తే నా జెర్సీ అంత శుభ్రంగా ఉంటుంది. పైగా అది లేత పసుపు రంగు. ఈగ వాలినా కనిపిస్తుంది.

ఈ సంగతి మావాళ్లకి అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాలేదు. "ఊరికే నిలబడ్డావు కదా, మెషిన్ దగ్గరా ఊరికే నిలబడు" అని నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు తెచ్చిపెట్టుకున్నదని వాళ్లకి తెలీదు.

నా కర్మేమిటంటే, మా జట్టులో గోల్స్ కొట్టేది నా ఆడపడుచు. మా ఆయనకి చెల్లెలు. బట్టల బండి తోసే చోట పని. బంతి దొరికితే చాలు, నిప్పంటుకున్నట్టు దూసుకుపోతుంది కాబట్టి అందరూ జువ్వ అంటారు. మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. జువ్వ గోల్ కొట్టిన రోజున మా అత్తగారు ఆ గోల్‌ని వంటింట్లోంచి వరండా దాకా, వరండాలోంచి మెట్ల దాకా, మెట్ల మీద కనిపించిన ప్రతివాళ్లకీ వినిపిస్తుంది. నేను ఆపిన బంతుల గురించి ఎవరైనా అడిగితే, "ఆఁ, కోడలు కూడా ఆడుతుంది, వెనకెక్కడో" అంటుంది. వెనకెక్కడో! అక్కడికి నేనేదో పెరట్లో అంట్లు తోముకుంటున్నట్టు.

అత్తగారి మీద నాకు కోపం లేదు. ఆవిడ మనసు మంచిదే. కాకపోతే ఆవిడ కంటికి కదిలేదే ఆనుతుంది.

ఇలా మాటలు పడుతూ ఎన్నాళ్లైనా నెట్టుకొచ్చేదాన్నేమో. బస్సు డిపో జట్టుతో జరిగిన మ్యాచ్ దగ్గర కథ అడ్డం తిరిగింది. ఆట అయిపోవస్తుండగా వాళ్లకి పెనాల్టీ దొరికింది. పెనాల్టీ అంటే తెలుసు కదా, బంతిని గోల్ ఎదురుగా పెట్టి ఒక్కరే తంతారు, ఆపాల్సింది కూడా ఒక్కరే. తన్నే మనిషి పాదం కదిలాక చూసి దూకితే అందదు. అందుకే కీపర్లంతా ముందే ఏదో ఒక వైపు అనుకుని దూకేస్తారు. కుడికో ఎడమకో. కీపర్ ఎలాగూ పక్కకి పోతుందని తెలిసి చాలామంది బంతిని నడిమధ్యకే బాదేస్తారు. నేను ఎన్నో పెనాల్టీలు చూశాను. నడిమధ్యన నిలబడి ఉంటే ఆగిపోయే బంతులు తక్కువేం కాదు. కానీ ఏ కీపరూ నిలబడదు. ఎందుకంటే దూకి తప్పిపోతే "పాపం, ప్రయత్నించింది" అంటారు. నిలబడి తప్పిపోతే?

ఆ రోజు నేను నిలబడ్డాను. డిపో కండక్టరమ్మ బంతిని మూలకి కొట్టింది. నేను దూకినా అందేది కాదది, దేవుడి సాక్షిగా చెబుతున్నాను. కానీ నిలబడి చూశాను కాబట్టి ఒక్క గోల్ తేడాతో ఓడిపోవడం నా ఒక్కదాని వల్లే అయింది.

మర్నాడు బల్ల దగ్గర ఎవరూ నవ్వలేదు. నా జెర్సీ తళతళలాడుతోంది. బాయిలర్ బాబాయ్ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు. బాబాయ్ అంటే ఎవరికీ వరస కాదు. బాయిలర్ దగ్గర పనిచేస్తాడు, మా జట్టుకి కోచ్. కుర్రతనంలో ఆడేవాడట. ఆవిరి వాల్వు తిప్పినంత తేలిగ్గా కేకలు వేస్తాడు.

"ఇది చూడండ్రా. షాపులోంచి ఇప్పుడే తెచ్చినట్టుంది. అదేంటమ్మా, బంతి మూలకి పోతుంటే గుంజలా నిలబడి చూశావు?"

"దూకినా అందదు బాబాయ్."

"అందకపోతే అందకపోనీ. దూకాలి కదా! మనవాళ్ల ముఖం చూసైనా దూకాలి కదా!"

అందరూ తలూపారు. ఆ మాటతో నాకు సంగతంతా తెలిసిపోయింది. వీళ్ల కోపం నేను ఓడించినందుకు కాదు. ఓడిపోతూ కిందపడి పొర్లనందుకు. దూకి బోర్లాపడి మట్టి కొట్టుకుని లేచి ఉంటే ఇదే గోల్‌కి నా వీపు తట్టేవాళ్లు. మొదటి కప్పు టీ కూడా ఇచ్చేవాళ్లేమో. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా జెర్సీలన్నీ తీసుకెళ్లి మెషిన్లో వేశాను. ఆ రోజు నుంచీ నా పేరు గుంజ.

బాబాయ్ ఊరుకోలేదు. మా లాండ్రీ కౌంటర్లో రసీదులు రాసే అమ్మాయిని ప్రాక్టీసుకి తెచ్చి గోల్‌లో నిలబెట్టాడు. ఆ అమ్మాయి దూకుతుంది చూడండీ, కళ్లు చెదిరిపోతాయి. నేరుగా చేతుల్లోకి వచ్చే బంతికి కూడా పక్కకి ఎగిరి, గాల్లో ఒళ్లు విరిచి, దబ్బున పడి, జుట్టు సవరించుకుంటూ లేస్తుంది. మావాళ్లు చప్పట్లే చప్పట్లు. ఆ అమ్మాయి కూడా మంచిదే, నాతో "అక్కా, నేనడగలేదు, ఆయనే పిలిచాడు" అంది. నాకు తెలుసు. కానీ బాబాయ్ అందరి ముందూ ఖరాఖండిగా చెప్పేశాడు.

"డిపో వాళ్లతో ఓడినా మిగతావి గెలిచి కప్పు ఫైనల్‌కి వచ్చాం. అందులో నువ్వే ఆడు. పాత మనిషివి, కాదనను. కానీ ఇంకోసారి పెనాల్టీకి గుంజలా నిలబడ్డావో, గ్లవ్స్ ఈ అమ్మాయికి ఇచ్చేసి ఇంటికి పో. జట్టులో మళ్లీ అడుగుపెట్టక్కర్లేదు."

ఇంటికొచ్చి వంటింట్లో కూచున్నాను. గ్లవ్స్ ఒళ్లో పెట్టుకుని అరచేతుల దగ్గర ఊడిన కుట్లు వేసుకుంటున్నాను. నాకు ఏడుపొచ్చింది. ఇంటి నుంచి లాండ్రీకి, లాండ్రీ నుంచి ఇంటికి తప్ప మరో దారి ఎరగని దాన్ని నేను. ఇంట్లో ఎవరి పిలుపు వినిపిస్తే అటు పరిగెడతాను, పనిలో ఏ గంట మోగితే అటు పరిగెడతాను. ఎటూ పరిగెత్తకుండా, నా బుర్రతో నేను నిలబడి, నా ఇష్టమొచ్చినట్టు అందరి మీదా అరిచే చోటు ప్రపంచం మొత్తంలో నాకు అదొక్కటే. రెండు గుంజల మధ్య ఉన్న ఆ కాస్త జాగా. అది పోతే నాకింకేం మిగలదు.

మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బస్సులు బాగుచేస్తాడు, మాటలు తక్కువ. ఒక పక్క చెల్లెలు, ఒక పక్క పెళ్లాం, మధ్యలో నలిగిపోయి మనిషి అరిగిపోయాడు.

"ఒక్కసారి దూకేస్తే పోలా?" అన్నాడు.

"పోదు."

"అది కాదే, ఊరికే వాళ్ల తృప్తికి..."

"వాళ్ల తృప్తికి ఇంట్లో చేసేవి చాలవా? అక్కడ కూడానా?"

ఆయన వచ్చి పక్కన కూచున్నాడు. దారం తెగితే కొత్త దారం ఎక్కించి సూది నా చేతికిచ్చాడు.

ఫైనల్ బిస్కెట్ ఫ్యాక్టరీ వాళ్లతో. పొద్దున వాన కురిసి వెలిసింది. మైదానం అడుసు తొక్కినట్టుంది. లాండ్రీ వాళ్లకి ఇంతకంటే పండగ ఏముంటుంది? మ్యాచ్ మొదలవకుండానే మావాళ్లంతా రేపటి బల్ల కోసం మాసిపోతున్నారు. మా అత్తగారు గొడుగు చంకలో పెట్టుకుని మొదటి వరసలో కూచుంది. చుట్టుపక్కల వాళ్లందరికీ కూతుర్ని వేలుపెట్టి చూపిస్తోంది.

జువ్వ ఆవిడ పరువు నిలబెట్టింది. మొదటి సగంలోనే ఇద్దర్ని దాటుకుని గోల్ కొట్టేసింది. నిజంగా గొప్ప గోల్. నేను అంత దూరం నుంచే ఎగిరి గంతేశాను. దానికి ఒళ్లు తెలియలేదు. చేతులు చాపి బురదలో బోర్లా జారుకుంటూ మా అత్తగారి కాళ్ల దగ్గర దాకా పోయింది. లేచేసరికి నీలం జెర్సీ కాస్తా మట్టి రంగుకి మారిపోయింది. మావాళ్లు గంగవెర్రులెత్తిపోయారు.

రెండో సగమంతా బిస్కెట్ వాళ్లు మా మీద పడ్డారు. నేను అరిచీ అరిచీ గొంతు బొంగురు పోయింది. ఇస్త్రీ అక్క నా ముందు వెనక వరసలో ఆడుతుంది, పెద్ద ఇస్త్రీ మెషిన్ నడిపే మనిషి. పాపం నేను చెప్పిన చోటికల్లా వెళ్లి అడ్డం పడింది. వాళ్లు కొట్టినవన్నీ నా చేతుల్లోకే వచ్చాయి. ప్రతిసారీ బాబాయ్ గట్టు మీద నుంచి ఒకటే గొడవ. "కదులు! కాస్త కదులమ్మా! పెనాల్టీ వస్తే మాత్రం దూకాలి, చెప్పాను, ఇవాళ దూకాల్సిందే!" రాని పెనాల్టీని నోటితో పిలిచినట్టు ఉంది ఆయన వరస. మైదానంలో వినని చెవి లేదు.

పిలిచినట్టే వచ్చింది. ఆట ముగియబోతుండగా ఇస్త్రీ అక్క కాలు జారి వాళ్ల మనిషిని పడేసింది. రిఫరీ ఈల ఊదాడు. పెనాల్టీ. అక్క రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఇది ఆపితే కప్పు మాది. ఆపకపోతే ఆట మొదటికొస్తుంది, నా ఆట మాత్రం ఇక్కడితో సరి.

బంతి తీసుకుంది నిచ్చెన. బిస్కెట్ ఫ్యాక్టరీలో పిండి కలిపే మెషిన్ దగ్గర పని, మనిషి పొడుగు కాబట్టి ఆ పేరు. బంతిని తన్నిందంటే గోడకి కన్నం పడుతుందంటారు. ఆమె బంతిని గుర్తు మీద పెట్టి, బురద నీళ్లలో అది కుదురుకోక మళ్లీ మళ్లీ సరిచేస్తోంది.

ఈలోగా గట్టు మీద కదలిక. బాబాయ్ కౌంటరమ్మాయి భుజం పట్టుకుని గీత దాకా తెచ్చేశాడు. ఆ అమ్మాయి కొత్త గ్లవ్స్ తొడుక్కుని, మొహం పాలిపోయి నిలబడింది.

"బయటికి రా!" అని నా వైపు చెయ్యి ఊపాడు. "ఈ ఒక్కదానికీ ఈ అమ్మాయి ఉంటుంది. వచ్చెయ్!"

నేను విన్నాను. కదల్లేదు.

"నిన్నే! వినపడట్లా?"

"వినపడింది బాబాయ్. రాను."

 ఆయన్ని ఎదిరించి మాట్లాడినవాళ్లు మా జట్టులో అంతవరకూ లేరు. రిఫరీ నా దగ్గరకి వచ్చాడు. పక్క వీధిలో మందుల షాపు ఆయన, నెమ్మదస్థుడు. "ఏమ్మా, మారుస్తున్నారా, లేదా?" అన్నాడు.

"మార్చడం లేదండీ. నేనే ఉంటాను."

జువ్వ పరుగున వచ్చింది. మొహం నిండా ఎండిన బురద, కళ్లలో నీళ్లు. "వదినా, నీకు దండం పెడతాను, బయటికి పో. లేదంటే దూకనన్నా దూకు. నేను అంత కష్టపడి కొట్టాను. నా గోల్ పోతుంది వదినా!"

దాన్ని నేను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. మా పెళ్లినాటికి రెండు జడలు వేసుకుని తిరిగేది. దాని కన్నీళ్లు చూస్తే నాకు గుండె కలుక్కుమంది. కానీ కోపం అంతకంటే ముందొచ్చింది.

"నీది అక్కడుంది జువ్వా, ఆ చివర. ఎవరూ ఎత్తుకుపోరు. ఇది నాది. నువ్వు అక్కడ తన్నేటప్పుడు నేనొచ్చి ఎలా తన్నాలో చెప్పానా? వెళ్లు."

అది నోరు తెరుచుకుని చూసింది. వదిన అలా మాట్లాడగలదని దానికి తెలీదు. వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్లింది.

గట్టు మీద బాబాయ్ చేతిలోని టోపీ నేలకేసి కొట్టాడు. "అయితే దూకి చావు! ఏదో ఒక వైపు దూకి చావు! దూకకపోతే మాత్రం ఇదే నీకు ఆఖరు!"

అప్పుడు నేను నిచ్చెన మొహం చూశాను. ఆమె బాబాయ్ వైపు చూసింది, నా వైపు చూసింది, పెదవి కొద్దిగా కదిలింది. ఆమె మనసులో మాట నాకు అచ్చు వేసినట్టు కనపడింది. ఇన్ని తిట్లు తిని, ఇంతమంది ముందు ఇంత గొడవయ్యాక, ఏ ఆడది దూకకుండా ఉంటుంది? తప్పకుండా దూకుతుంది. ఎటో ఒకటి దూకి తన పరువు దక్కించుకుంటుంది. నేనే ఆమె చోట ఉంటే నేనూ అలాగే అనుకుంటాను. అలా అనుకున్నాక బంతిని ఎటు తంతారో పెద్దగా ఆలోచించక్కర్లేదు.

 ఒళ్లంతా దూకమని పోరుపెట్టింది. దూకడం ఎంత తేలికో ఆ క్షణంలో నాకు తెలిసొచ్చింది. కళ్లు మూసుకుని ఒక పక్కకి పడిపోతే చాలు, గెలిచినా ఓడినా నన్ను ఒక్క మాట అనేవాళ్లుండరు. నిలబడ్డానంటే, బంతి మూలకి పోయిందంటే, మా అత్తగారు పోయేదాకా ఆ మాట అంటూనే ఉంటుంది. ఆవిడ గట్టి మనిషి, ఇప్పట్లో పోయే రకం కూడా కాదు.

నిచ్చెన పరిగెత్తుకొచ్చింది. నేను నిలబడ్డాను.

బంతి నా గుండెల మీద పడింది. పడటం అంటే మామూలుగా కాదు, ఊపిరి ఆగిపోయింది. రెండు గ్లవ్సూ వాటంతటవే వచ్చి దాన్ని అదిమి పట్టుకున్నాయి. ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు. వేసుంటే బంతితో సహా గోల్ గీత దాటేదాన్ని. కళ్లు తెరిచేసరికి బంతి నా గడ్డం కింద ఉంది. నోట్లో మట్టి రుచి. నాకు పెద్దగా కేక పెట్టాలనిపించింది, పెట్టాను.

కాసేపటికి చివరి ఈల మోగింది. మావాళ్లంతా పరిగెత్తుకుంటూ వచ్చారు. నేను చేతులు చాపాను. వాళ్లు నన్ను దాటుకుని వెళ్లి జువ్వని భుజాల మీదకి ఎత్తుకున్నారు. అబద్ధమెందుకు, ఇస్త్రీ అక్క మాత్రం వచ్చి నా గ్లవ్స్ పట్టుకుని బావురుమంది. మిగతావాళ్లు పోతూ పోతూ తలో మాటా విసిరారు.

"అబ్బ, అదృష్టం అంటే నీదే గుంజా!"

"నేరుగా నీ మీదకే కొట్టింది, పిచ్చిది."

"కదలాల్సిన పనే లేకుండా పోయింది చూడు."

బాబాయ్ టోపీ దులుపుకుంటూ వచ్చాడు. "సరేలే, గెలిచాం కాబట్టి సరిపోయింది. వాళ్ల పిల్ల తన్నడం రాక తన్నింది. ఆ బంతి ఎవరైనా ఆపుతారు" అన్నాడు.  ఎవరైనా! ఎవరైనా అంటే పక్కకి దూకేసి ఉండేవాళ్లు కదా, మహానుభావా!

నన్ను వెతుక్కుంటూ వచ్చింది ఒక్క నిచ్చెనే. నా ఎదురుగా వచ్చి నిలబడింది. కోపంతో మొహం జేవురించింది.

"అందరూ దూకుతారు. ఆయన అన్ని తిట్లు తిడుతుంటే, నువ్వెందుకు దూకలేదు?"

"నువ్వు మధ్యకి తంతావని."

"నీకెలా తెలుసు?"

"నేను దూకుతానని నువ్వు అనుకున్నావు కదా."

ఆమె నన్ను తినేసేలా చూసింది. తర్వాత ఊపిరి వదిలి, "దుర్మార్గురాలివి" అంది. నేను అన్నేళ్లు ఆడిన ఆటకి నాకు దొరికిన మొదటి మెప్పు అది. అది కూడా అవతలి జట్టు నుంచి.

ఇంట్లో ఆ సాయంత్రం మెట్ల మీద జువ్వ గోల్ మోగిపోయింది. నేను జెర్సీ విప్పి కుర్చీ మీద ఆరేశాను. మిగతా జెర్సీ అంతా లేత పసుపు, ఉతికి తీసినట్టుంది. సరిగ్గా గుండెల మీద గుండ్రంగా, బంతి మీది కుట్లతో సహా, మట్టి అచ్చు. మా అత్తగారు అటుగా వస్తూ అలవాటుకొద్దీ చెయ్యి చాచింది. "ఇలా తే, బకెట్లో నానేస్తా. ఎండిందంటే ఈ మరక పోదు."

"ముట్టుకోకండి అత్తయ్యా. పోకూడదు."

ఆవిడ నా మొహం చూసింది, మరక చూసింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏమనుకుందో తెలీదు గానీ బకెట్ బోర్లించి మెట్ల వైపు వెళ్లింది.

మర్నాడు పొద్దున బల్ల మీద జెర్సీలు పరిచారు. చూడక్కర్లేకుండానే జువ్వది మొదటి బహుమతి. నీలం ఎక్కడుందో వెతుక్కోవాలి. ఎవరో ఫ్లాస్కు మూత తిప్పి మొదటి కప్పు వంచారు. బాబాయ్ నా జెర్సీ కోసం చెయ్యి చాపాడు, ఎప్పటిలాగే రెండు వేళ్లతో ఎత్తి నవ్వించడానికి.

నేను ఇవ్వలేదు. నేనే దాన్ని బల్ల మధ్యలో, అన్నిటి మీదా, ముందు వైపు పైకి పెట్టి పరిచాను. తర్వాత ఆ మొదటి కప్పు తీసుకున్నాను.

"వదినా, అది నాది" అంది జువ్వ.

"తెలుసు. నీ మట్టి గోల్ కొట్టాక సంబరంలో పొర్లితే అంటింది. అవునా, కాదా?"

దానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "అదేంటమ్మా, రూలు రూలే కదా. అందరికంటే తక్కువ మాసింది నీదే. అదిగో, ఒక్క మరకే ఉంది."

"ఒక్కటే ఉంది బాబాయ్. ఎంత మట్టి ఉందో చూడ్డం మీకు బాగా అలవాటు. ఎక్కడుందో కూడా కాస్త చూడండి."

అందరూ చూశారు. చూడక తప్పలేదు, వాళ్ల ముక్కుల కిందే ఉంది. చేతుల మీద చుక్క లేదు. పక్కల్లో చుక్క లేదు. మోచేతుల దగ్గర శుభ్రంగా మెరుస్తోంది. నడిమధ్యన బంతి అచ్చు. ఆ బంతి అక్కడ పడే వేళకి ఈ మనిషి అక్కడే ఉందని, ఎటూ పోలేదని, పొమ్మని ఇంతమంది అరిచినా పోలేదని ఆ జెర్సీ చెబుతోంది. మురికిని చదవడంలో మావాళ్లని మించినవాళ్లు లేరు. కావాలనుకుంటే చదవగలరు.

ఇస్త్రీ అక్క ముందుగా చదివింది. వేలితో ఆ అచ్చు చుట్టూ గీత గీసి, చెయ్యి తీసేసింది. కౌంటరమ్మాయి మెల్లిగా, "అక్కా, నేనైతే ఎడమకి దూకేసేదాన్ని" అంది. 

"గ్లవ్స్ నా దగ్గరే ఉంటాయి" అన్నాను. "ఈ అమ్మాయికి నేనే నేర్పుతాను. దూకడం తనకి వచ్చు. ఎప్పుడు దూకకూడదో నేర్పుతాను. ఇది మీ దయ కాదు, నా మాట."

"సరే, సరే, అలాగే కానీ. ముందు ఈ జెర్సీలు మెషిన్లో..."

"నేను వెయ్యను."

షిఫ్టు గంట మోగింది. ఆవిరి గొట్టాలు బుసకొట్టడం మొదలైంది. ఆసుపత్రి బండి వచ్చి గుమ్మంలో ఆగింది. బల్ల మీద మట్టి జెర్సీల గుట్ట అలాగే ఉంది. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఎవరో ఒకరు వెయ్యాలి, లేకపోతే బల్ల ఖాళీ అవదు, బల్ల ఖాళీ అవకపోతే పని మొదలవదు. జువ్వ నా వైపు చూసింది. బాబాయ్ నా వైపు చూశాడు. మరీ మొండికేస్తే వీళ్లతో నాకు చెడుతుందని నాకూ భయంగానే ఉంది. ఒకే చోట పనిచేసేవాళ్లం, రోజంతా పక్కపక్కనే బతకాల్సినవాళ్లం.

నేను బల్ల అంచున కూచుని, నా జెర్సీ పక్కనే చెయ్యి ఆనించి, టీ తాగుతున్నాను. నేను మాత్రం కదల్లేదు.